అత్తమ్మ నీళ్లు తాగింది

“అండ్ల బాత్రూమ్ గూడ ఉన్నదా బిడ్డా?”

మా చెల్లెలు అమెరికా నుంచి పంపిన వీడియో చూసి మా అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆ వీడియోలో మంచుకొండలున్నాయి, కనుచూపు మేర గడ్డి మైదానాలున్నాయి. అత్తమ్మ వాటిని చూడనే లేదు. ఆమె కళ్లు బండి వెనక భాగంలో ఉన్న చిన్న తలుపు మీదే నిలిచిపోయాయి.

చెల్లెలు వాళ్లుండేది డెన్వర్ దగ్గర. 2025 వేసవిలో ఆర్‌వీ అనే బండి అద్దెకు తీసుకుని రాకీ పర్వతాలు దాటి, అటు నుంచి వయోమింగ్ మైదానాల మీదుగా తిరిగొచ్చారు. ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లే. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. మంచినీళ్లకు ఒక ట్యాంకు, గిన్నెలు కడిగిన నీళ్లకు ఒకటి, బాత్రూమ్‌కు ఇంకొకటి. రాత్రికి ఆగే చోట కరెంటు, నీళ్ల పైపు తగిలించుకుంటారు. నిండిన ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికి వేరే జాగా ఉంటుంది. “అక్కా, గిలెట్ అనే ఊరి దగ్గర బొగ్గు రైలు చూశాను. లెక్కపెడితే వంద వ్యాగన్లు దాటాయి. మనూరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది” అంది. అమెరికాలో తవ్వే బొగ్గులో దాదాపు ఐదింట రెండు వంతులు ఆ చుట్టుపక్కల ఓపెన్‌కాస్టుల నుంచే వస్తుందట. బొగ్గు వదిలి వెళ్లిన పిల్లకు అక్కడా బొగ్గే ఎదురైందన్నమాట!

మాది గోదావరిఖని. మావారిది గనిలో మూడు షిఫ్టుల ఉద్యోగం. మా పిల్లలకు చిన్నప్పుడు కొండ బొమ్మ వేయమంటే పైన బల్లపరుపుగా ఉండే బూడిదరంగు గుట్ట వేసేవాళ్లు. ఓపెన్‌కాస్టు మట్టికుప్పలే వాళ్లు చూసిన కొండలు మరి. వాటి వెనక ఎన్టీపీసీ పొగగొట్టాలు కూడా గీసేవాళ్లనుకోండి.

ఇక అత్తమ్మ బాత్రూమ్ గురించే ఎందుకడిగిందో చెప్పాలి. రెండేళ్ల కింద ఎల్టీసీ పెట్టుకుని అందరం దక్షిణ యాత్ర బస్సెక్కాం. సింగరేణి ఇళ్లలో ఇది మామూలే. నలభై మందిదాకా ఒక బస్సు, వంట సామాను, వంటమనిషి. ఆ బస్సు ఆగితే రోడ్డు పక్కన చీకట్లోనే ఆగేది. మగవాళ్లకేం, దిగి అటు తిరిగి నిలబడతారు. డెబ్బై దాటిన అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో తుప్పల చాటుకు ఎలా వెళ్తుంది, వెళ్లినా ఎలా కూర్చుంటుంది? బండి ఆపమని ఎన్నిసార్లు అడుగుతుంది? అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్లు తాగడం మానేసింది. పక్క సీట్లో కూర్చున్న నాకు మూడో రోజు దాకా ఆ సంగతి తెలియలేదంటే నా తెలివి చూడండి. ఇంటికొచ్చేసరికి చలిజ్వరం, మూత్రంలో మంట. ఆస్పత్రిలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. నీళ్లు తాగకపోయినా, వచ్చినప్పుడు వెళ్లకుండా ఆపుకున్నా ఇలా ఇన్ఫెక్షన్ వస్తుందని డాక్టరమ్మ మందలించింది. ఆమె మందలించాల్సింది అత్తమ్మనేనా అని నాకు ఇప్పటికీ సందేహమే.

అప్పటి నుంచి ఎక్కడికి రమ్మన్నా “నేను రాను తియ్ బిడ్డా, ఇల్లు చూసుకుంట” అనేది. అందరం అత్తమ్మకు ప్రయాణాలంటే ఇష్టం లేదనుకున్నాం. ఆ వీడియో చూసి ఆమె అడిగిన ప్రశ్నతో అసలు సంగతి నాకు అర్థమైంది.

సరే, మన దగ్గర ఆర్‌వీ ఎక్కడ దొరుకుతుంది? కేరళలో 2021 నుంచి ప్రభుత్వమే కారవాన్ యాత్రలను ప్రోత్సహిస్తోంది. గోదావరిఖనిలో మాత్రం దొరికేది టెంపో ట్రావెలర్. దాన్నే అద్దెకు తీసుకున్నాం. ఓనరును బతిమాలి వెనక రెండు వరసల సీట్లు తీయించాం. అక్కడ చెక్కపలక పరిచి పరుపేశాం. మెడికల్ షాపులో మడిచే కమోడ్ కుర్చీ కొన్నాం, బాలింతలకు, ముసలివాళ్లకు వాడేది. దాని కింద మూతున్న బకెట్టు, అందులో వేయడానికి టింబర్ డిపో నుంచి సంచెడు రంపపు పొట్టు. కుర్చీ పట్టేంత చిన్న గుడారం ఒకటి, చేతులు కడుక్కోవడానికి కొళాయి ఉన్న నీళ్ల క్యాను. అంతే మా ఆర్‌వీ! బకెట్టును పెట్రోలు బంకుల బాత్రూముల్లో ఖాళీ చేయడం మా ఆయన పని. “నా తల్లి నాకు చిన్నప్పుడు చెయ్యలేదా” అన్నాడు, నేనడగకుండానే. పెళ్లయిన పదహారేళ్లలో నాకు బాగా నచ్చిన మాట ఇదే.

ఇంకో షరతు కూడా పెట్టాను. వంటిల్లు మన వెంట వస్తే యాత్రంతా నేనూ మా యారాలూ పొయ్యి ముందే కూర్చోవాల్సొస్తుంది. అందుకని పొద్దుటి టిఫినూ చాయా మగవాళ్లవి, రాత్రి వంట మాది, మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండీ పులిహోరా. అయిదు కిలోల చిన్న సిలిండర్ తీసుకున్నాం. బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ తీసేయాలి, పొయ్యి బండి బయటే వెలిగించాలి. ఈ రెండు మాటలు డ్రైవర్ తమ్ముడు మాతో ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు.

2025 దీపావళికి ముందు వారం, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. గోదావరి బ్రిడ్జి దాటి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్. దారి పొడుగునా పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. చింతచెట్టు కింద మా ఆయనా మరిదీ కలిసి ఉప్మా చేశారు. ఉండలు కట్టింది. ఎవరం ఏమీ అనలేదు. అక్కడే అత్తమ్మ మొదటిసారి గుడారంలోకి వెళ్లింది. బయటికొచ్చి చేతులు కడుక్కుని, గ్లాసు తీసుకుని, నిండా నీళ్లు తాగింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. “దూప అయితుంది” అంది, తప్పు చేసినట్టు.

కెరమెరి ఘాట్‌లో మలుపు తిరిగితే చాలు పిల్లలు కేకలు. టేకుచెట్లు, లోయ, కింద ఎక్కడో పొలాల ముక్కలు. “నాయినమ్మా, అసలు కొండ!” అని అరిచాడు మా చిన్నోడు. నవ్వొచ్చింది, కాస్త సిగ్గు కూడా వేసింది. మంచిర్యాల దాటితే ఉన్న కొండల్ని పన్నెండేళ్ల పిల్లాడికి ఇప్పుడా చూపిస్తున్నాం!

జోడేఘాట్ వెళ్లే దారి ఇరుకు. నిజాం ప్రభుత్వంతో పోరాడిన కుమ్రం భీం 1940లో నేలకొరిగింది అక్కడే. విగ్రహం, గోండుల జీవితాన్ని చూపించే మ్యూజియం ఉన్నాయి. అక్కడి నుంచి జైనూర్ వైపు వచ్చి మార్లవాయి చేరాం. దండారి రోజులు కావడంతో దారిలో ఒక ఊళ్లో డప్పుల మోత వినిపించింది. నెమలి ఈకల కిరీటాలు పెట్టుకుని, ఒళ్లంతా బూడిద పూసుకున్న గుస్సాడీలు కనిపించారు. ఒక ఊరి దండారి బృందం ఇంకో ఊరికి అతిథిగా వెళ్లడం వాళ్ల ఆనవాయితీ. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు.

మార్లవాయిలో నన్ను ఆపేసింది ఒక సమాధి. భీం మరణం తర్వాత గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన హైమండార్ఫ్ ఈ ఊళ్లోనే ఉన్నాడు. 1943లో గోండు పిల్లలకు చదువు చెప్పే టీచర్లను తయారుచేసే కేంద్రం ఇక్కడే మొదలైంది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆయనతో పాటు అడవులూ కొండలూ తిరిగిన మనిషి. 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఇక్కడికి తెచ్చి సమాధి చేశారు. ఇదంతా అత్తమ్మకు వివరంగా చెప్పాను. ఎంతో శ్రద్ధగా విని, సమాధికి దండం పెట్టుకుని, ఒకటే ప్రశ్న అడిగింది.

“ఈ అడివిల ఆమె ఒంటికి ఎట్ల పొయ్యేదో ఏమొ, పాపం!”

నవ్వాను కానీ, ఎంత మంది ఎన్ని పుస్తకాల్లో ఎన్ని యాత్రలు రాశారో, ఈ మాట రాసినవాళ్లు నాకు తగల్లేదు.

ఆ రాత్రి ఉట్నూరు దాటి కేస్లాపూర్ నాగోబా గుడి దగ్గర, అక్కడి పెద్దల్ని అడిగి బండి ఆపుకున్నాం. ఆడవాళ్లం, పిల్లలం లోపల పరుపు మీద. మగవాళ్లు బయట తాటిపత్రి మీద. మేమేదో కొత్త పని చేశామని నాకు లోలోపల కొంచెం గర్వంగానే ఉండింది. పొద్దున ఒక పెద్దాయన మాటల్లో ఆ గర్వం కాస్తా దిగిపోయింది. మెస్రం వంశస్థులు పుష్యమాసంలో జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని, వంట సామానుతో, పిల్లాపాపలతో తరతరాలుగా ఇలాగే వస్తున్నారు. గోదావరి జలం కోసం జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచి వెళ్లి, తిరిగొచ్చి మర్రిచెట్ల కింద బస చేస్తారు. వంటకు 22 పొయ్యిలు. ఎంత మంది వచ్చినా ఆ పొయ్యిల మీదే వంతులవారీగా వండుకోవాలి. కొత్త కోడళ్లు తెల్లచీర కట్టుకుని నాగోబాను దర్శించుకుని పెద్దల దీవెన తీసుకుంటారు. దాన్ని భేటింగ్ అంటారు. అది జరిగాకే ఆ పిల్ల వంశంలో మనిషి. బండి కట్టి ఇల్లు వెంట తీసుకుపోవడం మన దగ్గర ఎప్పటి మాటో చూడండి!

ఇంద్రవెల్లి స్తూపం దగ్గర కాసేపు ఆగాం. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గిరిజనుల గుర్తుగా కట్టింది. పిల్లలు అడిగినవాటికి మా ఆయన నెమ్మదిగా జవాబులు చెప్పాడు.

గుడిహత్నూరు దగ్గర పెద్ద రోడ్డెక్కి నేరడిగొండ మీదుగా కుంటాల జలపాతానికి వెళ్లాం. కడెం నది సుమారు 150 అడుగుల ఎత్తు నుంచి రాళ్ల మీదుగా దూకుతుంటుంది. చూడాలంటే నాలుగు వందలకు పైగా మెట్లు దిగాలి. అత్తమ్మ వల్ల కాదు. ఎప్పుడూ ఇలాంటి చోట ‘మీరు పోండి, నేనుంటా’ అనేది కోడలే కదా. అలవాటుగా నేనూ అనేశాను. “నువ్ దిగు. నా తల్లి దగ్గర నేనుంట” అన్నాడు మా ఆయన. దిగాను. తుంపరలు మొహం మీద పడుతుంటే అరగంట కూర్చున్నాను. ఎవరికీ నీళ్లు అందించలేదు, ఎవరి చెప్పులు వెతకలేదు. పైకొచ్చేసరికి తల్లీకొడుకులు మక్క కంకి చెరిసగం తింటూ కనిపించారు.

“ఈ నీళ్లు యాడికి పోతయిరా?” అని అత్తమ్మ అడిగింది.

“గోదాట్లనే కలుస్తయి. మన బ్రిడ్జి కిందికెల్లే పోతయి.”

ఆమె ఆ మాట ఆ రోజంతా తలచుకుంటూనే ఉంది.

ఆ తర్వాత ప్రయాణం త్వరగా చెప్పేస్తాను. రాత్రి నిర్మల్ పెట్రోలు బంకులో పడుకున్నాం. బంకు కుర్రాడు మా గుడారం చూసి అదేదో సర్కసనుకున్నాడు. పొద్దున పొనికి కర్రతో బొమ్మలు చెక్కేవాళ్లను చూసి, కూతుళ్లకు పండ్ల బొమ్మలు కొన్నాం. బాసర సరస్వతి దర్శనంలో జనం ఎక్కువ. మైదానంలో గోదావరి అక్కడ వెడల్పుగా, ఏ తొందరా లేకుండా ఉంది. అత్తమ్మ మెట్ల మీద కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకుంది. యాభై ఏళ్లుగా ఆమెకు గోదావరి అంటే మా ఊరి రేవు ఒక్కటే. మామయ్య అస్థికలు కలిపింది కూడా అక్కడే. ఇక్కడి నీళ్లు కూడా అటే వెళ్తాయని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసినట్టుంది. నన్నేమీ అడగలేదు.

నాలుగో రోజు ఖానాపూర్, జన్నారం మీదుగా తిరిగొచ్చాం. కవ్వాల్ పులుల అడవి, 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించింది. చీకటి పడకముందే దాటేయాలని డ్రైవర్ తమ్ముడి తొందర. అంతా కలిపి ఆరువందల కిలోమీటర్లు అటూ ఇటూగా తిరిగాం. సామానులో మిగిలినవి సగం గ్యాసు, రెండు కిలోల బియ్యం. ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు నాలుగూ ఖాళీ.

బ్రిడ్జి మీద అత్తమ్మ కిటికీ అద్దం జరిపి కిందికి చూసింది. “వచ్చినట్టున్నయ్ నీళ్లు, మనకంటె ముందే” అంది.

కమోడ్ కుర్చీ ఇప్పుడు మా ఇంట్లో లేదు. ముందు వెనక క్వార్టరు ఆవిడ యాదగిరిగుట్టకని పట్టుకుపోయింది. ఆమె దగ్గరి నుంచి ఇంకెవరో మేడారానికి తీసుకున్నారు. ఇప్పుడెవరింట్లో ఉందో నాకు తెలియదు. అత్తమ్మ మాత్రం రోజూ అడుగుతోంది, అది ఎప్పుడు తెస్తారని. ఉగాదికి చెల్లెలు వస్తుందట, అందరం అరకు పోదామంటోంది.