రాతిని కోయు వజ్రము

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఏ దారిని పోయినను గండశిలల గుట్టలు కనిపించును. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలలు. మన పెద్దలు ఈ రాతిని ఉలితోను, సమ్మెటతోను, నిప్పుతోను లొంగదీసిరి. నేడు అదే ప్రాంతమున కట్టుచున్న క్రొత్త ఇండ్లలో మెట్లకు, వంటగట్టుకు కావలసిన పలకను ఒక్క పనివాడు చేతియంత్రముతో కొద్ది నిమిషములలో కోయుచున్నాడు. ఆ యంత్రపు చక్రము అంచున ఉన్నది వజ్రము. అది ఉంగరమున పొదుగు వజ్రము కాదు. కర్మాగారమున మనుష్యుడు చేసిన వజ్రము.

ఈ వజ్రము ఎట్టిది, ఏ పనికి తగును, ఏ పనికి తగదు, దాని వలన గ్రామమునకు కలుగు మేలేమి, కీడేమి అను సంగతులు పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము. మేడ్చల్, శామీర్‌పేట పరిసరములలోని పెక్కు పల్లెలు ఇటీవలి సంవత్సరములలో పురపాలక సంఘములలో కలసినవి. అచ్చట వచ్చిన కట్టడములు, రాతిపనులు రేపు మన గ్రామములకును రాగలవు.

బొగ్గుకు చుట్టము

వజ్రమును, పెన్సిలులోని నల్లని గ్రాఫైటును ఒకే మూలపదార్థముతో ఏర్పడినవి. అది కర్బనము. పరమాణువుల అమరికలోనే భేదమున్నది. గోల్కొండ పేరుతో ప్రసిద్ధికెక్కిన వజ్రములు కృష్ణాతీరమందలి కొల్లూరు మున్నగు గనులలో దొరకినవి. వానిని ప్రకృతి భూగర్భమున మిక్కిలి లోతున, తీవ్రమగు వేడితోను ఒత్తిడితోను తయారుచేసినది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ శాస్త్రజ్ఞులు 1954 డిసెంబరులో అట్టి వేడిని, ఒత్తిడిని యంత్రమున కల్పించి వజ్రపు రేణువులను చేసిరి. 1955 ఫిబ్రవరిలో ఆ సంగతిని లోకమునకు ప్రకటించిరి.

1970 తరువాతి దశకమున ఈ రేణువులను ఒకదానితో ఒకటి అతికించి పనిముట్టుగా మలచు విధానము వ్యాపారమున ప్రవేశించినది. టంగ్‌స్టన్ కార్బైడు బిళ్ళపై సన్నని వజ్రపు పొడిని పరచి, వాతావరణపు ఒత్తిడికి 50 వేల రెట్లకు మించిన ఒత్తిడిలో, సుమారు 1,400 డిగ్రీల వేడిలో ఉంచుదురు. బిళ్ళలోని కోబాల్టు లోహము కరగి పొడిలోనికి ప్రాకును. అప్పుడు రేణువులు ఒండొంటితో పెనవేసికొని ఒక్క పొరగా ఏర్పడును. దీనినే బహుస్ఫటిక వజ్రమందురు.

ఒకే స్ఫటికమైన వజ్రమునకు ఒక లోపము కలదు. అది ఎంత కఠినమైనను, కొన్ని దిశలలో దెబ్బ తగిలిన తిన్నగా చీలిపోవును. తిన్నని కట్టె గొడ్డలి వేటుకు నిలువున చీలుట మనము ఎరుగుదుము. ముడులున్న కట్టె అట్లు లొంగదు. బహుస్ఫటిక వజ్రములో రేణువులు తలకొక దిక్కుగా ఉండుటచే, ఒకచోట పుట్టిన పగులు ప్రక్క రేణువు వద్ద ఆగిపోవును. కాఠిన్యమున ఇది టంగ్‌స్టన్ కార్బైడును ఎన్నియో మడుగులు మించును.

మన ఇంటనున్న సాక్ష్యములు

కంసాలి బంగారు తీగెను కమ్మచ్చు రంధ్రముల గుండ లాగి సన్నగా చేయును. పంపుసెట్టు మోటారులో చుట్టు సన్నని రాగితీగెను కర్మాగారములలో వజ్రపు అచ్చుల గుండ అట్లే లాగుదురు. రంధ్రము త్వరగా అరగదు. కావున మైళ్ళకొలది తీగె ఒకే మందమున వచ్చును. మోటారు వాహనముల అల్యూమినియపు పిస్టన్లు, చక్రములు బహుస్ఫటిక వజ్రపు మొనతో నునుపు చేయబడుచున్నవి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలను కోయు రంపములకును ఇట్టి పళ్ళు కలవు.

రాతిని కోయు చక్రము వేరొక రకము. దాని అంచున వజ్రపు రేణువులను లోహపు పొడిలో కలిపి కాల్చి అతికింతురు. లోహము అరిగిన కొలది క్రొత్త రేణువులు పైకి వచ్చును. ఇందొక మెలకువ కలదు: గట్టి రాతికి మెత్తని లోహపు కూర్పు, అరగదీయు మెత్తని రాతికి గట్టి కూర్పు తగును. గ్రానైటును కోయుచు చక్రము మొద్దుబారిన, దానిని పారవేయ నక్కరలేదు. ఇసుకరాతిపై కొంత నడపిన రేణువులు మరల బయటపడును.

వజ్రమునకును ఓటమి కలదు

ఇనుమును, ఉక్కును వేగముగా కోయుటకు వజ్రము పనికిరాదు. వేడెక్కిన ఇనుము వజ్రములోని కర్బనమును తనలో కలిపికొనును. సుమారు 700 డిగ్రీలు దాటిన, లోనున్న కోబాల్టు మిక్కిలి వ్యాకోచించి బహుస్ఫటిక వజ్రమును పగులగొట్టును. పెద్ద దెబ్బలకు దాని అంచు పెళుసుగా విరుగును. చమురుబావులలో మెత్తని శిలలను చెక్కుకొని పోవు మొనలకు ఇది శ్రేష్ఠము. మన గ్రానైటులో సమ్మెటవలె కొట్టుచు బోరుబావి వేయు యంత్రములకు మాత్రము సామాన్యముగా టంగ్‌స్టన్ కార్బైడు గుండీలున్న మొనలనే వాడుదురు. కావున “వజ్రపు మొన” అను మాట చెప్పి బోరుకు అధిక ధర అడిగినవారిని, అది ఏ రకమో, ఏ శిలకు తగునో ముందుగా ప్రశ్నింపవలెను.

నీరు లేని కోత

ఈ పనిముట్టు ఎంత త్వరగా కోయునో, అంత త్వరగా ధూళిని లేపును. గ్రానైటులో పలుగురాయి పాలు హెచ్చు. దాని అతిసూక్ష్మ ధూళి కంటికి కనబడక ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. ఈ వ్యాధికి నివారణయే కాని నయము చేయు మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దీనిని ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. పాఠశాల గది కట్టుచున్న చోటనో, వీధి ప్రక్కననో పొడిగా పలకలు కోసినచో పనివానితోపాటు చుట్టునున్నవారును ఆ ధూళిని పీల్తురు. ముఖమునకు కట్టుకొన్న తువాలు దానిని ఆపజాలదు.

కావున పంచాయతీ పనులు చేయించునప్పుడు సభ్యులు ఈ జాగ్రత్తలను ఒప్పందములోనే వ్రాయింపవలెను. నీటి గొట్టము అమర్చిన యంత్రముతోనే రాతిని కోయవలెను. నీరు, విద్యుత్తు కలియు చోట ప్రమాదము గాన విద్యుత్తు జారినంతనే సరఫరాను ఆపు రక్షక స్విచ్చు ఉండవలెను. పనివారికి ఎన్-95 వంటి ముసుగులు ఈయవలెను. చక్రమునకు కాపు తొడుగును తీయరాదు. ధూళి పట్టిన బట్టలను ఇంటిలో దులుపరాదు.

కోత నుండి వచ్చు రాతిబురదను కాలువలోనికి, చెరువులోనికి వదలరాదు. ఆరిన పిమ్మట అది మరల ధూళియై లేచును. నేలపై పేరుకొన్న నీరు ఇంకదు. గుంటలో నిలిపి, తేరిన నీటిని తిరిగి వాడుకొని, బురదను వేరుగా తరలింపవలెను. శామీర్‌పేట చెరువు వంటి పెద్ద చెరువునకును, ఊరి చిన్న కుంటకును ఈ నియమమొక్కటే.

ఈ పనిముట్లతో జీవనోపాధియు కలదు. హైదరాబాదు ఉత్తర భాగమున బాలానగరులో 1968లో కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ స్థాపింపబడినది. పనిముట్లు, అచ్చుల తయారీలో అచ్చట శిక్షణ నిచ్చుచున్నారు. పదవ తరగతి ముగించిన గ్రామయువకులకు, యువతులకు ఇట్టి శిక్షణను గూర్చి సభ్యులు తెలియజేయవలెను. వజ్రము రాతిని గెలిచినది. దానిని పట్టిన చేతిని, ఊపిరిని కాపాడుట మాత్రము మన పూనికపై ఆధారపడి యున్నది.