వెడల్పు టైరు వేసే ముందు

గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద వెడల్పు టైర్ల కారు చూడముచ్చటగా ఉంటుంది. పొడి రోడ్డు మీద, మలుపుల్లో పట్టు కూడా ఎక్కువే.

అయితే ముందు టైరు పక్కనుండే అంకెలు చదవాలి. 205/55 ఆర్16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. దాని బదులు 225/45 ఆర్17 వేస్తే చక్రం మొత్తం ఎత్తు పెరిగేది 2 మిల్లీమీటర్ల పైచిలుకే. స్పీడోమీటర్ లెక్క పెద్దగా మారదు. అసలు చిక్కంతా రిమ్ము ఆఫ్‌సెట్‌తోనే, అంటే రిమ్ము ఎంత లోపలికో, బయటికో కూర్చుంటుందన్న కొలతతోనే. అది కుదరకపోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల సస్పెన్షన్‌కో, బయట ఫెండర్ అంచుకో ఒరుసుకుంటుంది.

వాన పడితే కథ వేరు. నిలిచిన నీటిని వెడల్పు టైరు త్వరగా పక్కకు తోయలేదు. వేగం మీద ఉంటే నీటిపై తేలిపోతుంది.

ఇక నల్లరేగడి డొంకలోకి దిగితే జిగటమట్టి గాడుల్లో నిండిపోయి టైరు నున్నబడుతుంది. ట్రాక్టరు వెనక చక్రానికైతే ఎత్తైన ఏటవాలు గట్లుంటాయి, తిరుగుతూనే మట్టిని విదిలించుకుంటుంది. కారు టైరుకు ఆ వీలు లేదు. అందుకే పత్తి, మిర్చి చేల దాకా కారులో వెళ్లేవాళ్లకు పక్కగోడ ఎత్తుగా ఉన్న మామూలు టైర్లే మేలు.

కొనేటప్పుడు లోడ్ ఇండెక్స్ మాత్రం తగ్గనివ్వకూడదు. 91 అని ఉంటే ఆ టైరు 615 కిలోలు మోస్తుంది.