గీతలు దగ్గరపడితే గాలే

హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేని రోజున కూడా అక్కడి భారమితి 950 హెక్టాపాస్కళ్ల దగ్గరే నిలుస్తుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్ తుఫాను నడిబొడ్డున వాతావరణ శాఖ లెక్కగట్టిన పీడనమూ 950 హెక్టాపాస్కళ్లే. ఒక ఊళ్లో జనం రోజూ హాయిగా ఊపిరి పీల్చుకునే పీడనం, ఇంకో ఊళ్లో కరెంటు స్తంభాలను కూల్చేసింది. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. దాని చుట్టుపక్కల ఎంతెంత ఉందన్నదే అసలు సంగతి. వాతావరణ పటంలో చదవాల్సింది ఆ తేడానే.

అందుకే పటం గీసేవాళ్లు ముందు ఎత్తుల లెక్క తేల్చేస్తారు. నేల దగ్గర ఎనిమిది, తొమ్మిది మీటర్లు పైకి వెళ్తే ఒక హెక్టాపాస్కల్ తగ్గుతుంది. కాబట్టి హైదరాబాద్ చూపించిన దానికి ఓ 60 కలిపి, ఆ ఊరు సముద్రమట్టంలోనే ఉంటే ఎంత ఉండేదో అంత వేస్తారు. హైదరాబాద్, నాగ్‌పూర్, మచిలీపట్నం అప్పుడు ఒకే వరసలోకి వస్తాయి. ఆపైన సమాన పీడనం ఉన్న చోట్లను కలుపుతూ సమభార రేఖలు గీస్తారు. గీతలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి లోపలికి తగ్గుతూ పోతే అల్పపీడనం, పెరుగుతూ పోతే అధిక పీడనం. ఇంగ్లిష్ పటాల్లో ఎర్ర ‘ఎల్’, నీలం ‘హెచ్’ ఇవే. గీతలు ఎడంగా ఉంటే గాలి మందంగా వీస్తుంది, ఇరుక్కుని ఉంటే ఊపేస్తుంది.

అయితే గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి తిన్నగా పోదు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కుడికి మళ్లి, ఇంచుమించు గీతల వెంబడే సాగుతూ, నేల రాపిడికి కాస్త లోపలికి ఒరుగుతుంది. బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1857లో దీన్నే ఒక సూత్రంగా చెప్పాడు: గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమచేతి వైపు ఉంటుంది. ఈ సూత్రం ప్రకారం హుద్‌హుద్ లాంటి తుఫాను ఆగ్నేయాన సముద్రంలో ఉన్నంతసేపూ విశాఖకు గాలి ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి రావాలి. తుఫాను నడిమి కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు తెరిపి ఇవ్వాలి. అది వాయవ్యంగా దాటాక గాలి దక్షిణం వైపు నుంచి తిరగబడాలి. తెరిపి చూసి గండం గడిచిందనుకుని బయటికొస్తే ప్రమాదం అందుకే.

మన పటాల్లో గీతకూ గీతకూ రెండు హెక్టాపాస్కళ్ల తేడా. అమెరికా, బ్రిటన్ పటాల్లో నాలుగు. ఉష్ణమండలంలో పీడనపు తేడాలు చిన్నవి కాబట్టి నాలుగేసి చొప్పున గీస్తే మన పటం సగం రోజులు ఖాళీగా కనిపిస్తుంది. మూసుకున్న గీతలను లెక్కపెడితే టీవీలో వినే మాటలే వస్తాయి. ఒకటుంటే అల్పపీడనం, రెండుంటే వాయుగుండం, మూడైతే తీవ్ర వాయుగుండం, నాలుగూ ఆపైన తుఫాను. గాలి వేగం ప్రకారం చూస్తే గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల దాకా వాయుగుండం, 62 దాటితే తుఫాను. ‘అల్పపీడనం’ అనగానే తెరంతా ఎర్రబార్చి సైరన్ మోగించే చానళ్లు ఈ మెట్లను ఎందుకు చూపించవో నాకు అంతుబట్టదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఎండ వేడికి పైవాతావరణంలో పుట్టే అలల వల్ల పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున, రాత్రి పదింటికి ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటికి తక్కువ. ఆ ఊగిసలాట మూడు నాలుగు హెక్టాపాస్కళ్లు, అంటే పటంలో గీతల మధ్య ఎడం కన్నా ఎక్కువే. సాయంత్రానికి అంకె పడిపోయిందని అల్పపీడనం పుట్టినట్టు కాదు. అందుకే ఇవాళ ఉదయం ఎనిమిదిన్నర అంకెను నిన్న ఎనిమిదిన్నర అంకెతోనే పోల్చి చూస్తారు.

పటంలో ఒక్కో ఊరిదీ ఒక చిన్న సున్నా. ఆ సున్నా ఎంత నిండి ఉంటే ఆకాశంలో అంత మబ్బు. దాన్నుంచి బయటికి వచ్చిన పుల్ల గాలి ఎటు నుంచి వస్తోందో చూపుతుంది, ఎటు పోతోందో కాదు. పుల్ల చివర పొడవు గీత పది నాట్లు, పొట్టి గీత ఐదు, చిన్న త్రిభుజం యాభై. బంగాళాఖాతంలో ఒక ఓడ దగ్గర రెండు పొడవు, ఒక పొట్టి గీత కనిపిస్తే 25 నాట్లు, అంటే గంటకు 46 కిలోమీటర్లు. అల్పపీడనం చుట్టూ అలాంటివి పోగవుతుంటే అది వాయుగుండంగా మారినట్టే. పక్కన మూడంకెల్లో పీడనం ఉంటుంది. 042 అంటే 1004.2, 987 అంటే 998.7. ముందు 10 పెట్టాలో 9 పెట్టాలో చదివేవాడు తేల్చుకోవాలి.

డల్లాస్‌లోనో షికాగోలోనో ఉన్న మనవాళ్లకు వీటితో పాటు ఇంకో రకం గీతలు కనిపిస్తాయి. నీలి త్రిభుజాలు గుచ్చిన గీత, ఎర్రటి అర్ధచంద్రాలు గుచ్చిన గీత. మన పాఠ్యపుస్తకాల్లో వాతాగ్రాలు, అక్కడి టీవీల్లో ఫ్రంట్లు. ఇవి నార్వేలోని బెర్గెన్‌లో తేలాయి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నుంచి వాతావరణ తంతి వార్తలు ఆగిపోవడంతో విల్‌హెల్మ్ బ్యర్క్‌నెస్ బృందం పడమటి తీరం పొడవునా దగ్గర దగ్గరగా పరిశీలన కేంద్రాలు పెట్టించింది. అలా చిక్కబడ్డ పటాల మీద ఆయన కొడుకు యాకోబ్‌కు, ఇరవై దాటిన కుర్రాడికి, అల్పపీడనం లోపల చల్లగాలి, వెచ్చగాలి కలవకుండా పదునైన హద్దు గీసుకుని ఉండటం కనిపించింది. 1919లో అచ్చేశాడు. ఇప్పటి గుర్తులకు మూలం అదే బృందంలోని టోర్ బెర్గెరాన్ 1924లో యాకోబ్‌కు రాసిన పోస్టుకార్డు.

త్రిభుజాల మొనలు ఎటుంటే చల్లగాలి అటు కదులుతోందని అర్థం. బండరాయి కిందికి గడ్డపార దూర్చి లేపినట్టు అది బరువుగా వెచ్చగాలి కిందికి దూరి దాన్ని పైకెత్తుతుంది. సన్నని పట్టీలో క్యుములోనింబస్ మబ్బులు, ఉరుములు, కాసేపు కుండపోత. నైరుతి గాలి వాయవ్యానికి తిరుగుతుంది, పీడనం పెరుగుతుంది, చలి దిగుతుంది. 1911 నవంబర్ 11న ఓక్లహోమా సిటీలో పగలు 28 డిగ్రీల సెల్సియస్ ఉన్నది అర్ధరాత్రికి మైనస్ 8కి పడింది. అర్ధచంద్రాల గీతకు ఇంత దూకుడు లేదు. వెచ్చగాలి చల్లగాలి మీదికి ఏటవాలుగా ఎక్కుతుంది కాబట్టి ఒక రోజు ముందే పలచని ఎత్తు మబ్బులు వచ్చి చంద్రుడి చుట్టూ వరదగుడి కడుతుంది. తర్వాత గంటల తరబడి ముసురు. చల్లగాలి గీత వెచ్చగాలి గీతను అందుకుంటే రెండు గుర్తులూ ఒకే వైపు, ఊదా రంగులో వేస్తారు.

ఈ త్రిభుజాలు మన పటాల్లో ఎందుకుండవు? వాతాగ్రానికి రెండు వైపులా గాలి వేడిలో పెద్ద తేడా ఉండాలి. బంగాళాఖాతం వాయుగుండంలో ఏ వైపు చూసినా తడి వేడిగాలే. దాని బలం సముద్రపు ఆవిరి మబ్బుగా మారేటప్పుడు వెలువడే వేడి నుంచి వస్తుంది, రెండు గాలుల పెనుగులాట నుంచి కాదు. అందుకే మనకు త్రిభుజాల బదులు ద్రోణి ఉంటుంది. అల్పపీడనం నుంచి సాగే ఆ పొడవాటి పల్లం వెంట గాలులు ఎదురెదురై, వానలన్నీ దాన్ని పట్టుకునే పోతుంటాయి.

మధ్యధరా ప్రాంతం నుంచి శీతకాలంలో వచ్చే పశ్చిమ అలజడుల్లో మాత్రం వాతాగ్రపు లక్షణాలు కొన్ని మిగిలి ఉంటాయి. అవి హిమాలయాల్లో మంచు కురిపించి వెళ్లాక వాటి వెనక చల్లటి, పొడి గాలి దిగుతుంది. ఆ రోజుల్లో ఆదిలాబాద్ వైపు పటం చూస్తే పుల్లలు ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి, సున్నాలు ఖాళీగా, పీడనం నిన్నటికంటే రెండు మూడు హెక్టాపాస్కళ్లు ఎక్కువగా ఉంటుంది. ఆ రాత్రికి దుప్పట్లు దించుకోవాల్సిందే.