పంజాబు పల్లెలో సిక్కుల పెండ్లి

మన పెండ్లిండ్లలో ముహూర్తము ముందు, తక్కినదంతయు తరువాత. అర్ధరాత్రమైనను, తెల్లవారుజామైనను సిద్ధాంతి పెట్టిన ఘడియకే జీలకఱ్ఱ బెల్లము పెట్టవలెను. ఈ అలవాటు గల తెలుగువాడు పంజాబు పల్లెలో సిక్కుల పెండ్లికి పోయినచో ముందుగా వెదకునది ముహూర్తమే, అది కనబడదు. 1945లో శిరోమణి గురుద్వారా ప్రబంధక సంఘము ఆమోదించిన ‘రహిత్ మర్యాద’ యను నియమావళి జాతకములు చూచుటను, శుభదినములు లెక్కించుటను కాదన్నది. ఉభయులకు వీలైన దినమున, సాధారణముగా మధ్యాహ్నమునకు పూర్వమే, పెండ్లి జరుగును.

మగపెండ్లివారు రాగానే ‘మిల్నీ’. ప్రార్థన ముగిసినంతనే తండ్రి తండ్రిని, మేనమామ మేనమామను పూలదండ వేసి కౌగిలించుకొందురు. నడుము పట్టి పైకెత్తువారును కలరు. అది చనువో, బలప్రదర్శనమో చెప్పుట కష్టము.

అసలు సంస్కారమునకు ‘ఆనంద్ కారజ్’ అని పేరు. గురుగ్రంథసాహెబు చాందినీ క్రింద పీఠముపై నుండును. అతిథి పాదరక్షలు విడిచి, తల కప్పుకొని, నేలపై కూర్చుండవలెను. వరుని యెడమప్రక్క వధువు. అగ్నిహోత్రము లేదు, మంగళసూత్రము లేదు. వరుని భుజముపైని వస్త్రపు కొంగును కన్యాజనకుడు కుమార్తె చేతికిచ్చును. ఆ కొంగునే ‘పల్లా’ యందురు. నా దృష్టిలో పెండ్లికంతకు ఇదియే గుండెకాయ. అంతవరకు గంభీరముగా నున్న తండ్రి కన్నులు తడియగుట ఇచ్చటనే.

పిమ్మట ‘లావాఁ’. నాల్గవ గురువగు రామదాసు సూహీ రాగమున రచించిన నాలుగు పద్యములివి. గ్రంథి యొక్కొక్క పద్యమును చదువును. గాయకులు దానినే పాడుచుండగా వరుడు ముందు, పల్లా పట్టిన వధువు వెనుక, గ్రంథమునకు ప్రదక్షిణము చేయుదురు. మొదటిది గృహస్థధర్మమును, రెండవది గురుదర్శనముచే భయము తొలగుటను, మూడవది వైరాగ్యమును, నాల్గవది సహజస్థితిని చెప్పును. పెండ్లిలో వైరాగ్యమేమని మనవారు విస్తుపోవచ్చును. ఆ పద్యములలో వధువు జీవాత్మ, వరుడు పరమాత్మ. వధువు సోదరులు గ్రంథము చుట్టును నిలిచి, ఆమెను ఒకరి తరువాత నొకరు చేయూతనిచ్చి నడిపించు ఆచారము కలదు. తుదకు గోధుమపిండి, నేయి, చక్కెర సమపాళ్ళలో వండిన ప్రసాదమును దోసిలి పట్టి గ్రహింపవలెను.

ఇంత నిరాడంబరమైన పెండ్లి చెల్లుబాటగుటకు పోరాటము వలసివచ్చినది. 19వ శతాబ్దిలో రావల్పిండిలో బాబా దయాళ్ అనుయాయులగు నిరంకారీలు దీనికి ప్రచారము కల్పించిరి. కాని అగ్నిసాక్షి లేని పెండ్లి న్యాయస్థానమున నిలుచునా యను సందేహము మిగిలెను. నిలువనిచో బిడ్డల వారసత్వమునకే మోసము. నాభా యువరాజు రిపుదమన్ సింగు 1908లో శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టగా, 1909లో ఆనంద్ వివాహ చట్టమేర్పడెను. ఆ చట్టము క్రిందనే వివాహమును నమోదు చేయించుకొను వీలు 2012 సవరణతో గాని కలుగలేదు.

నియమావళి యింతటితో నిలువగా, పల్లె ఆగలేదు. ముఖముపై వ్రేలాడు ‘సేహరా’, మన కంకణమువలె మణికట్టుకు కట్టు ‘గానా’ నిషిద్ధములని వ్రాసియున్నను, పెక్కు ఇండ్లలో నేటికిని కానవచ్చును. స్త్రీల పాటల కెవరును అడ్డు చెప్పలేరు. పెండ్లికి ముందు రాత్రి మేనమామ భార్య దీపములు వెలిగించిన బిందెను తలపై నెత్తుకొనగా, ఆడువారందరు పాడుచు వీధులు తిరుగుదురు, ఇది ‘జాగో’. వియ్యాలవారిని ఎగతాళి చేయు ‘సిఠ్నీ’ పాటలు వినినప్పుడు మన వియ్యపురాలి పాటలు జ్ఞప్తికి రాక మానవు.

మేనమామ విషయము మరియు చిత్రము. మన మేనమామ వధువును గంపలో తెచ్చును. వారి మేనమామ ఎఱ్ఱని, తెల్లని ‘చూడా’ గాజులు తొడుగును, బట్టలు, నగలు తెచ్చును. గౌరవమొక్కటే. కాని మన మేనరికపు మాట చెప్పినచో వారు చెవులు మూసికొందురు. తండ్రి గోత్రము, తల్లి గోత్రము రెండును వారికి వర్జ్యములు. స్వగ్రామపు పిల్ల యెవరైనను చెల్లెలే. కావున ప్రతి కోడలును పొరుగూరి పిల్లయే. అప్పగింతల దుఃఖమునకు ఇదియు నొక కారణమని తోచును.

ఆ ఘట్టము ‘డోలీ’. వధువు వెనుకకు చూడక, గింజలు గుప్పెట పట్టి తల మీదుగా పుట్టింటివైపు చల్లును. పూర్వము బోయీలు పల్లకి మోసెడివారు; ఇప్పుడు పూలు కట్టిన కారు. అత్తవారి గుమ్మమున ద్వారమునకు ఇరుప్రక్కల నూనె పోయుదురు. అత్తగారు చెంబుతో నీరు దంపతుల తలలపై త్రిప్పి, త్రిప్పిన ప్రతిసారియు గ్రుక్కెడు త్రాగబోవును. కుమారుడు చేయి పట్టి ఆపును. ఆమె మరల త్రిప్పును.