టేపు పట్టిన వ్యాయామ గురువులు

పోలీసు ఉద్యోగాల ఎంపికలకు వెళ్ళివచ్చిన కుర్రవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే, అక్కడ ఛాతీ ఎలా కొలిచారో అడిగి చూడండి. మామూలుగా ఒకసారి, ఊపిరి నిండా పీల్చుకున్నాక ఇంకొకసారి. ఆ రెండు అంకెల మధ్య చాలినంత తేడా లేదని ఇంటిదారి పట్టిన వారిని మేమెరుగుదుము. వడ్ల బస్తా భుజాన వేసుకుని గట్లు దాటగల పిల్లలే వారు. అయినా టేపు చాలదన్నది. వ్యాయామము నేర్పేవారి చేతికి ఈ టేపు ఎలా వచ్చిందో, వచ్చాక ఏమేమి చేసిందో తెలుసుకుందామని కొంత చదివాము. చదివినది మీతో పంచుకుంటున్నాము.

ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు పట్టణములో ఆర్చిబాల్డ్ మక్లారెన్ అనే ఆయన 1858లో ఒక వ్యాయామశాల తెరిచాడు. 1860 ప్రాంతములో బ్రిటిష్ సైన్యము పన్నెండు మంది సార్జెంట్లను ఆయన వద్దకు శిక్షణకు పంపింది. పొడుగువారు, పొట్టివారు, బక్కవారు, బరువైనవారు, అన్ని రకాలవారూ ఉన్నారు. మక్లారెన్ మొదటనే ఒక్కొక్కరినీ తూచి, ఛాతీ, జబ్బ, ముంజేయి కొలిచి పుస్తకములో రాసుకున్నాడు. కొన్ని నెలల తరువాత మళ్ళీ కొలిచి పక్కన రాశాడు. టేపు లేకపోయినా తేడా తెలిసిపోయేదే! నాలుగో నెల నిండకముందే వారిలో కొందరు ఎవరి సాయమూ లేకుండా తమ కోట్లు తామే తొడుక్కోలేకపోయారట. ఇది ఆయనే 1869లో అచ్చువేసిన తన పుస్తకములో చెప్పుకున్నాడు. ఇక్కడ ఒక్క మాట గమనించండి. ఆయన ఒక సార్జెంటును పక్కవాడితో పోల్చలేదు. అతని మొదటి కొలతతోనే అతని తరువాతి కొలతను పోల్చాడు.

అసలు ఈ పనిని జీవితమంతా చేసినవాడు అమెరికాలో ఉన్నాడు. మసాచుసెట్స్ రాష్ట్రములోని ఆమ్హర్స్ట్ కాలేజీ 1821లో మొదలైంది. సువార్త సేవకు రాదలచిన బీద యువకులకు చదువు చెప్పించడము దాని మొదటి ఉద్దేశము. పల్లెల నుండి, పొలాల నుండి వచ్చిన పిల్లలు అక్కడ పగలు రాత్రి పుస్తకాల ముందు కూర్చునేవారు. నాలుగేళ్ళు ముగిసేసరికి జబ్బుపడేవారు కొందరు, చదువు మధ్యలో మానేసేవారు కొందరు. 1850లలో ప్రిన్సిపాలుగా ఉన్న విలియం స్టెర్న్స్, తానే ఒక పాదిరి, ఈ సంగతి కాలేజీ పెద్దల ముందు పదేపదే పెట్టాడు. చివరికి 1860లో వ్యాయామశాల కట్టి, ఆరోగ్యమూ వ్యాయామమూ నేర్పడానికి ఒక ఆచార్య పదవి ఏర్పరచారు. మొదట ఆ పదవిలో చేరిన డాక్టరు తన ఆరోగ్యమే బాగులేక కొద్దికాలానికే వదిలిపెట్టాడు! 1861లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే డాక్టరు వచ్చాడు. 1911లో కన్నుమూసేవరకు, అంటే యాభై ఏళ్ళపాటు, ఆ కాలేజీని విడువలేదు.

ఈయన తండ్రి పేరు కూడా ఎడ్వర్డ్ హిచ్‌కాకే. ఆయన పాదిరి, రాళ్ళ శాస్త్రము తెలిసిన పండితుడు, ఒకప్పుడు అదే కాలేజీకి ప్రిన్సిపాలు. కనెక్టికట్ నది లోయలో రాళ్ళ మీద అచ్చుపడిన పురాతన జంతువుల అడుగుజాడలను వెదకి, ఒక్కొక్కటీ కొలిచి రాసిపెట్టాడు. అవి పెద్ద పక్షుల అడుగులనుకున్నాడు. డైనోసార్లవని తరువాత వచ్చినవారు తేల్చారు. తండ్రి రాళ్ళను కొలిస్తే కొడుకు విద్యార్థులను కొలిచాడు. కొలిచి రాయడము ఆ ఇంటి అలవాటేమో అనిపించింది మాకు.

కాలేజీలో చేరిన ప్రతి కుర్రవాని వయస్సు, బరువు, ఎత్తు, ఛాతీ, చేతుల చుట్టుకొలత, ఊపిరితిత్తులలో పట్టే గాలి, కమ్మీ పట్టుకుని ఎన్నిసార్లు పైకి లేవగలడు అన్నది హిచ్‌కాక్ రాసుకునేవాడు. ఏడాది గడిచాక మళ్ళీ అన్నీ కొలిచేవాడు. ఎవరు ఎన్ని రోజులు జబ్బుపడ్డారో దానికి కూడా లెక్క ఉండేది. వారానికి నాలుగు రోజులు అరగంట చొప్పున, పియానో వాయిస్తుంటే చెక్క డంబెల్స్ పట్టుకుని తరగతి అంతా కలిసి కసరత్తు చేసేది. గెలుపూ ఓటమీ అందులో లేవు. రానురాను కొలతల సంఖ్య యాభై దాటింది. ఇన్ని ఎందుకని మీరడగవచ్చు, మాకూ ఆ సందేహమే కలిగింది. కొలత అన్నది శాస్త్రమని నమ్మిన కాలమది. లెక్క పేరిస్తే ఆరోగ్యము గుట్టు దానంతటదే బయటపడుతుందని వారనుకున్నారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయములో 1879 నుండి పనిచేసిన డడ్లీ సార్జెంట్ ఈ కొలతలను ఇంకా ముందుకు తీసుకుపోయాడు. చిన్నతనములో సర్కసులో విన్యాసాలు చేసినవాడు, తరువాత డాక్టరు చదువు చదివాడు. ఈయన చేసిన మంచి పని ఒకటుంది. కుర్రవాని గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి, కొలతలు తీసి, అతనికి ఏ కండ బలహీనమో దానికి తగిన కసరత్తు చీటీ రాసి ఇచ్చేవాడు, డాక్టరు మందు చీటీ రాసినట్టు. కప్పీలకు తాళ్ళు వేసి, బరువు తగ్గించుకోవడానికి పెంచుకోవడానికి వీలుండే యంత్రాలు తయారుచేశాడు. అంతకుముందు వ్యాయామశాల బలవంతుల చోటు. ఆ యంత్రాలతో బలహీనుడు కూడా లోపలికి రాగలిగాడు.

కాని వేలాది కొలతలు చేతిలో ఉంటే వాటితో ఒక నమూనా మనిషిని తయారుచేయాలనే కోరిక పుట్టకుండా ఉంటుందా? పుట్టింది. సార్జెంట్ కొలతల ప్రకారము ఒక యువకుని బొమ్మ, ఒక యువతి బొమ్మ చెక్కించి 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో నిలిపారు. వచ్చినవారు వాటితో తమను పోల్చుకున్నారు. లండనులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1884 నాటి ఆరోగ్య ప్రదర్శనలో మూడు పెన్నీలు తీసుకుని 9,337 మందిని కొలిచాడు. మంచి మనుషులను ఏరి వారి సంతతినే పెంచాలనే వాదానికి ఒక సంవత్సరము ముందే పేరు పెట్టినవాడు ఈ గాల్టనే. ఆ వాదము తరువాత ఎందరి జీవితాలు పాడుచేసిందో చరిత్ర ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

చెడు అక్కడితో ఆగలేదు. అమెరికాలోని పేరున్న కాలేజీలలో కొత్తగా చేరిన పిల్లలను, నిలబడే తీరు చూస్తామంటూ, బట్టలు లేకుండా ఫొటోలు తీసే అలవాటు 1960ల వరకు సాగింది. షెల్డన్ అనే ఆయన అటువంటి ఫొటోలు చేర్చుకుని, దేహము ఆకారాన్ని బట్టి మనిషి గుణము చెప్పవచ్చునన్నాడు. 1995లో ఈ సంగతి పత్రికలలో వచ్చినప్పుడు, ఆనాటి విద్యార్థినులు ఎంతోమంది సిగ్గుతో, కోపముతో మాట్లాడారు. కొలిచేవాడు అడగకుండా కొలిచాడు, అదీ వారి బాధ.

ఆడపిల్లల విషయములో టేపు మేలు కూడా చేసింది. ఎక్కువగా చదివితే ఆడపిల్లల ఆరోగ్యము చెడుతుందని 1873లో బోస్టను డాక్టరు ఎడ్వర్డ్ క్లార్క్ పుస్తకమే రాశాడు. మన ఊళ్ళలో కూడా ఆ మాట విననివారుండరు. ఓబర్లిన్ కాలేజీలో 1885లో చేరిన డెల్ఫిన్ హన్నా, సార్జెంట్ వద్ద నేర్చుకున్న విద్యతోనే, విద్యార్థినులకు కసరత్తు నేర్పి, కొలతలు తీసి రాసిపెట్టింది. నోటిమాటకు బదులు చేతిలో లెక్క పట్టుకుని మాట్లాడగలిగారు.

సార్జెంట్ శిష్యులలో లూథర్ గులిక్ ఒకడు. మిషనెరీల బిడ్డ, హోనొలూలూలో పుట్టాడు. స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో ఆత్మ, మనస్సు, దేహము అనే మూడు భుజాల త్రికోణాన్ని గుర్తుగా నిలిపింది ఈయనే. 1891 డిసెంబరులో ఆయన పురమాయించగా జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హారీ క్రో బక్ మద్రాసు వచ్చి 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టుకు మేనేజరు ఈయనే. ఆనాడు కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రములోనివే గనుక, ఈల మెడలో వేసుకున్న మన డ్రిల్లు మాష్టార్లలో అక్కడ శిక్షణ పొందినవారున్నారు.

ఆ కాలానికే చుట్టుకొలతల మీద నమ్మకము సడలింది. లావైన జబ్బ బలమైన జబ్బ కానక్కరలేదని, గుండె పనితీరు టేపుకు అందదని తెలిసింది. చివరికి సార్జెంట్ కూడా 1921లో ఒక తేలికైన పరీక్ష సూచించాడు. నిలబడి చేయి పైకెత్తినప్పుడు ఎంత అందుతుందో, ఉన్నచోటు నుండి ఎగిరినప్పుడు ఎంత అందుతుందో చూడటమే. సార్జెంట్ జంప్ అని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒక గోడ, ఒక సుద్దముక్క ఉంటే చాలు. ఈ సెలవులలో మీ పిల్లలతో చేయించి చూడండి. గీత పక్కన పేరు, తేదీ రాయడము మరువకండి, మళ్ళీ సెలవులకు కావాలి.