తలుపు తట్టిన కుర్రవాడు

మా వీధిలో ఒకరి అబ్బాయి పై చదువుకు అమెరికా వెళుతున్నాడు. మొన్న వాళ్ళమ్మగారు ఆవకాయ ప్యాకింగు చేయించుకుని వస్తూ మా అరుగుమీద ఒక్క నిమిషం కూర్చుని, గొంతు తగ్గించి అడిగారు: "మాస్టారూ, అక్కడి కాలేజీల్లో పిల్లలు తెగ తాగుతారటగా? మావాడికేమీ కాదు కదా?"

తాగుడు ఆ దేశానికే ప్రత్యేకమైనట్టు అడిగారావిడ. 'కన్యాశుల్కం'లో సారాదుకాణం రంగం పాఠం చెబుతున్నప్పుడు మా వెనకబెంచీల్లో లేచే నవ్వు ఆవిడ విని ఉండరు. అది పుస్తకం చదివి వచ్చిన నవ్వు కాదు. అయినా అడిగారు గనక నాకు తెలిసింది చెప్పాను.

ఇరవైయొక్క ఏళ్ళు నిండనివాళ్ళను మద్యం కొనుక్కోనిచ్చే రాష్ట్రాలకు రోడ్ల గ్రాంటులో కోత పెడతామని 1984లో అమెరికా కేంద్రప్రభుత్వం చట్టం చేసింది. రాష్ట్రాలన్నీ ఒక్కొక్కటే దారికి వచ్చాయి. కుర్రకారు కారు ప్రమాదాల్లో చావడం తగ్గింది. అది కాదనలేని మేలు. కాని కాలేజీలో చేరేది పద్దెనిమిదో ఏట కదా! తాగుడు పోలేదు, తలుపులు మూసిన గదుల్లోకి పోయిందని కొందరు కాలేజీ అధ్యక్షులే వాపోయారు. ఈ వయసు సంగతి మళ్ళీ చర్చకు పెట్టాలని 2008లో వందమందికి పైగా అధ్యక్షులు సంతకాలు చేశారు. చట్టం మాత్రం మారలేదు. మన దగ్గరా అమ్మకానికి హద్దు ఇరవైయొక్కటే. ఆ సంగతి మా ఊరి వైన్‌షాపు వాడికి ఎవరైనా చెబితే బాగుండును.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో టిమొతీ పియాజా అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు ఒక విద్యార్థి సంఘంలో చేరబోయాడు. చేరే రాత్రి కొత్తవాళ్ళ చేత గబగబా తాగించారు. అతను మెట్లమీంచి పడిపోయాడు. ఇంటినిండా జనం ఉన్నారు. సుమారు పన్నెండు గంటలదాకా ఒక్కడూ అంబులెన్సుకు ఫోను చేయలేదు. కుర్రవాడు దక్కలేదు. మరుసటి ఏడు ఆ రాష్ట్రం అతని పేరనే ర్యాగింగును శిక్షించే చట్టం తెచ్చి, సాయం కోసం పిలిచినవాళ్ళకు అందులో రక్షణ కల్పించింది.

కోర్నెల్ విశ్వవిద్యాలయం వారికి ఈ ఆలోచన 2002లోనే వచ్చింది. తాగి పడిపోయినవాడి కోసం ఎవరైనా సాయం పిలిస్తే, పిలిచినవాడిమీదా పడినవాడిమీదా క్రమశిక్షణ చర్య ఉండదన్నారు. కోలుకున్నాక పడినవాడు సలహాదారు ముందు కూర్చోవాలి, అంతే. తాగుడు పెరగలేదనీ, పిలుపులు పెరిగాయనీ 2006లో వాళ్ళు లెక్కలు ప్రచురించారు.

"మావాడు తాగడు లెండి" అంటూ లేచారావిడ.

"తాగకపోవచ్చునమ్మా. పక్కగదివాడు పడిపోతే ఫోను చేయవలసింది మీవాడే" అన్నాను.

అంత ధీమాగా చెప్పానేగాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2013లో నేను ఒక కాలేజీ హాస్టలుకు డిప్యూటీ వార్డెన్ని. "మద్యము సేవించిన విద్యార్థులు తక్షణము తొలగింపబడుదురు" అని గోడమీద నోటీసు. అందులో తప్పులు దిద్దింది నేనే. వీడ్కోలు విందు రాత్రి అయిదుగురు కుర్రాళ్ళు మేడమీద చేరారు. వాళ్ళలో ఒకడు పందెం కాసి అరసీసా విస్కీ గటగటా తాగేసి పడిపోయాడు. మిగతావాళ్ళు వాణ్ణి గదిలోకి మోసుకొచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, తలమీద చన్నీళ్ళు కుమ్మరించి, నోట్లో మజ్జిగ పోశారు. పడుకుంటే దిగిపోతుందనుకున్నారు.

ఇంతకంటె ప్రమాదం లేదు. మజ్జిగా నిమ్మరసమూ కాఫీయూ రక్తంలోని మద్యాన్ని విరిచేయలేవు. కాలేయం తన నడకన తాను, గంటకు ఒక చిన్న పెగ్గు చొప్పున ఖర్చు చేస్తుంది. కడుపులో మిగిలింది మనిషి పడుకున్నాక కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వెల్లకిలా ఉన్నవాడికి వాంతి వస్తే ఊపిరికి అడ్డుపడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. పిలిస్తే పలకకపోయినా, ఒళ్ళు చల్లబడి పెదవులు నీలమైనా 108కి ఫోను చేయాలి. ఆ బండ్లు 2005 నుంచీ తిరుగుతున్నాయి. పిల్లలకు నంబరు తెలుసు. నోటీసు అంతకంటె బాగా తెలుసు.

తెల్లవారుజామున నాలుగింటికి నా తలుపు తట్టిన చప్పుడైంది. "సార్, నన్ను పంపించేసినా ఫరవాలేదు. వాడు ఇందాకటిదాకా గురకపెట్టాడు, ఇప్పుడు మానేశాడు" అన్నాడొక కుర్రవాడు. వాడి చొక్కానిండా మజ్జిగ.

పడిపోయినవాడు బతికాడు. మొదటి బస్సుకు వచ్చిన వాళ్ళ నాన్న ఆసుపత్రి వరండాలో కండువా తీసి నాకు దండం పెట్టాడు. దండం పెట్టవలసింది నాకు కాదు.

వారం తిరిగేసరికి కమిటీ కూర్చుని అయిదుగురినీ తొలగించింది, తలుపు తట్టినవాడితో సహా. రూలు రూలే అన్నారొకరు. నేనూ సంతకం పెట్టాను. ఆ కుర్రవాడు బ్యాగు భుజాన వేసుకుని, "వెళ్ళొస్తాను సార్" అని చెప్పిమరీ వెళ్ళాడు.

తర్వాత రెండేళ్ళు నా తలుపు ఎవరూ తట్టలేదు. రికార్డుల్లో ఒక్క తాగుడు కేసూ లేదు. పైవాళ్ళు మమ్మల్ని మెచ్చుకున్నారు. ఊడ్చే ఆవిడ మాత్రం నెలకో గోనెసంచి ఖాళీసీసాలు అమ్ముకునేది.

ఇప్పుడు వేరే కాలేజీలో వార్డెన్ని నేనే. నోటీసు మార్చాలంటే "తాగమని మనమే చెప్పినట్టవుతుంది" అన్నారు సహోద్యోగులు. ఆ మాటా కొట్టిపారేయదగింది కాదు. తల్లిదండ్రులు మనల్ని నమ్మి పంపిస్తారు. ఏడాది తర్జనభర్జన పడ్డాక ఒక దారికి వచ్చాం. పిలిచినవాడికి శిక్ష లేదు. మొదటిసారి పడినవాడి ఇంటికి కబురుచేస్తాం, డాక్టరుకు చూపిస్తాం, గది ఖాళీ చేయించం. బలవంతాన తాగించినవాడికి మాత్రం క్షమాపణ లేదు. నోటీసు అడుగున 108, దాని కింద నా ఫోను నంబరు రాయించాను.

పోయిన నెల రాత్రి రెండింటికి ఫోను మోగింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. స్నానాలగదిలో పాము దూరిందట.