పారబోసే నల్ల ఆయిల్‌కి ఇంత కథా!

మీకు తెలుసా? మెకానిక్ షెడ్డులో బండి కింద డబ్బాలోకి కారే నల్ల ఆయిల్ ఒక్క లీటరు మండిస్తే దాదాపు 10 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి పుడుతుంది. అంటే వెయ్యి వాట్ల గీజరు 10 గంటలు! కరెంటోళ్ల చెవిన పడనీయకండి.

మరి వరంగల్ ఎనుమాముల మార్కెట్ సంగతి? ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఇదొకటి. పత్తి, మిర్చి సీజన్లో లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. ప్రతి బండీ ఏదో ఒకరోజు నల్ల ఆయిల్ దించాల్సిందే. దాంతో ఇల్లు వెచ్చబెట్టుకుందామా? మే నెలలో వరంగల్లో ఆ మాట అని చూడండి, తరిమి కొడతారు!

మీకు తెలుసా? అమెరికాలో ఈ ఆయిల్‌తోనే షెడ్లు వెచ్చబెట్టుకుంటారు. 1992 నాటి రూలు ప్రకారం తమ దగ్గర దిగిన ఆయిల్, ఇళ్లలో సొంతంగా మార్చుకున్నవాళ్లు తెచ్చిచ్చిన ఆయిల్ మాత్రమే కాల్చాలి. పొగ బయటికి పోవాలి. హీటరు గంటకు 5 లక్షల బీటీయూ దాటకూడదు. అదెంతనుకున్నారు? మన 1500 వాట్ల రూమ్ హీటర్లు దాదాపు వంద! మిషిగన్‌లో మనవాళ్ల కారు ఆయిల్ ఏ మెకానిక్ చలి కాస్తోందో!

ఇంత మండే సరుకులో అగ్గిపుల్ల పడితే? మామూలుగా పుల్లే ఆరిపోతుంది! కొత్త ఇంజన్ ఆయిల్ అంటుకోవాలంటే 200 డిగ్రీలకు అటూ ఇటూగా కాగాలి. పాతదాంట్లో పెట్రోలు కలిసిందంటే లెక్క మారిపోతుంది. ఇంట్లో పరీక్షలు వద్దు బాబూ!

మీకు తెలుసా? ఒక లీటరు పాత ఆయిల్ 10 లక్షల లీటర్ల మంచినీళ్లను పాడుచేయగలదు. 20 లీటర్ల వాటర్ క్యాన్లయితే 50 వేలు! మోరీలో పోసే ముందు లెక్కపెట్టుకోండి.

మీకు తెలుసా? ఈ ఆయిల్ ఒక ఊరినే మింగేసింది! అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, టైమ్స్ బీచ్. 1970లలో దుమ్ము లేవకుండా మట్టిరోడ్ల మీద వేస్ట్ ఆయిల్ చల్లించారు. అందులో డయాక్సిన్ అనే విషం కలిసిందని ఆలస్యంగా బయటపడింది. 1983లో ప్రభుత్వమే ఇళ్లు కొనేసి 2 వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించింది. దుమ్ము పోయింది, ఊరూ పోయింది!

మన దగ్గర? 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో వాడేసిన ఆయిల్ నంబరు 5.1. అవును, చెద పట్టకుండా దూలాలకు పూసేదే!

మీకు తెలుసా? 159 లీటర్ల పీపాడు ముడిచమురు నుంచి తీసే ఇంజన్ ఆయిల్ రెండున్నర లీటర్ల లోపే. అంతే ఆయిల్ నాలుగు లీటర్ల లోపు పాతదాన్ని శుద్ధి చేసినా వస్తుంది! తగలబెట్టడం కంటే ఇదే మంచి బేరమని నా ఓటు.

మీకు తెలుసా? బేరమంటే గుర్తొచ్చింది, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనె తీశారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. రాని పొగకు రొక్కం!

ఆఖరిది. అసలు వేస్ట్ ఆయిలే మిగల్చని ఇంజన్లు ఉండేవని తెలుసా? మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లవి. వాటిలో పోసింది మన ఆముదమే! వాడిందంతా పొగతోపాటు బయటికే, కొంత పైలట్ మొహం మీదికి. పీల్చీ మింగీ, దిగీ దిగగానే పైలట్లు ఎటు పరిగెత్తేవారో వేరే చెప్పాలా?